లాభ్ పాంచమ్ నాటి తొలి ట్యాంకర్

సూరత్ శివారులోని సచిన్‌లో సిటీ బస్సు దిగిన సింధూజ మిల్లు దాకా నడవలేదు, పరుగులాంటి నడకతో పోయింది. ఆ రోజు లాభ్ పాంచమ్. దీపావళికి మూతపడిన సూరత్ అంతా ఆ పొద్దున్నే మళ్ళీ తెరుచుకుంటుంది. దారి పొడవునా షట్టర్లు లేస్తున్నాయి. గేట్లకు బంతిపూల తోరణాలు కడుతున్నారు. ఎదురైన ప్రతివాళ్ళూ "సాల్ ముబారక్" అంటున్నారు. సింధూజ కూడా ముక్కూ మొహం తెలియని వాచ్‌మన్లకు సైతం చేతులెత్తి కొత్త సంవత్సరపు శుభాకాంక్షలు చెప్పేసింది. ఆమె సంబరం పండగ గురించి కాదు. ఇవాళ మిల్లుకు యాసిడ్ ట్యాంకర్ వస్తుంది. ఆమె పట్టుబట్టి చేయించిన కప్లింగులకు, అంటే గొట్టం తగిలించే పైపు మూతులకు, అదే అసలు పరీక్ష.

ఆ కప్లింగుల సంగతి కొంచెం చెప్పుకోవాలి.

సింధూజ తండ్రి రాజమల్లు సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చి లింబాయత్‌లో మరమగ్గాలు నడిపే మనిషి. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది సింధూజే. కెమికల్ ఇంజనీరింగ్ చదివి, బట్టలకు రంగులద్దే ఈ మిల్లులో సేఫ్టీ ఆఫీసరుగా చేరింది. చేరిన కొత్తలోనే, రంగునీళ్ళు శుద్ధి చేసే ఆవరణలో ఒక విషయం చూసి ఆమెకు ఒళ్ళు జలదరించింది. అక్కడ రెండు పెద్ద ట్యాంకులున్నాయి. ఒకదాంట్లో హైడ్రోక్లోరిక్ యాసిడ్. రెండోదాంట్లో హైపో, అంటే నీళ్ళలో రంగు విరిచే బ్లీచింగ్ ద్రావణం. ట్యాంకర్ వచ్చి గోడ అవతల ఆగుతుంది. గోడలోంచి బయటికొచ్చిన రెండు పైపుల్లో ఏదో ఒకదానికి గొట్టం తగిలించి సరుకు దింపుతారు. ఆ రెండు పైపుల మూతులూ ఒకటే కొలత, ఒకటే మర. ఏ గొట్టమైనా దేనికైనా పట్టేస్తుంది. ఎవరో ఒకరు ఒక్కసారి పరధ్యానంగా ఉంటే చాలు. యాసిడ్ పోయి హైపోలో పడిందంటే క్లోరిన్ పొంగుకొస్తుంది. పీల్చినవాళ్ళకు ఊపిరితిత్తుల్లో నిప్పు పెట్టినట్టే.

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా అయిందా, బేన్?" అన్నాడు యజమాని హస్‌ముఖ్‌భాయి శేఠ్.

"కాలేదు శేఠ్. కాకముందే చేద్దామని అడుగుతున్నా."

రెండు పైపులకూ వేర్వేరు మరలు పెడదామని ఆమె ఆలోచన. మామూలు మూత కుడికి తిప్పితే బిగుస్తుంది. హైపో పైపు మాత్రం ఎడమకు తిప్పితేనే బిగుసుకోవాలి. అప్పుడు యాసిడ్ గొట్టాన్ని తెచ్చి హైపో పైపుకు పెట్టి ఎంత తిప్పినా పట్టుకోదు. పైపు మార్చక్కర్లేదు, మూతి మారిస్తే చాలు. యాసిడ్‌కు లొంగని గట్టి ప్లాస్టిక్ దిమ్మెలు కొని, ఖటోదరాలో లేత్ మిషన్ నడిపే పరుశురాం దగ్గరికి తీసుకుపోయింది.

"ఏందమ్మా, లోకమంత కుడికి తిప్పుతుంటే నువ్వు ఎడమకు తిప్పుతనంటవ్? రేపు అత్తగారింట్ల గూడ గిట్లనే చేస్తవా?" అని పరుశురాం నవ్వాడు.

"నీ లేత్‌కు వస్తదా రాదా అని అడిగిన అన్నా. మా అత్తను అడగలే," అంది సింధూజ.

వచ్చింది. పాలలాంటి తెల్లని కప్లింగులు, చేతిలో పట్టుకుంటే శంఖాల్లా ఉన్నాయి. సెలవులకు ముందు పాత గోడ దగ్గర వాటిని బిగించి నీళ్ళతో పరీక్షించి చూసింది కూడా. శేఠ్ ఒప్పుకున్నాడు గానీ, ఒక షరతు పెట్టాడు.

"లాభ్ పాంచమ్ నాడు మొదటి ట్యాంకర్ ముహూర్తంలో దిగాలి. మా నాన్నగారి నాటి నుంచి వస్తున్న ఆచారం. నీ మరల వల్ల పని ఆగిందా, వాటిని కోయించి పారేసి పాతవే పెట్టిస్తాను. మళ్ళీ ఆ ఊసెత్తకూడదు."

"ఆగదు శేఠ్," అని మాటిచ్చేసింది.

మిల్లు గేటు దాటి ఆవరణలోకి వెళ్ళేసరికి సింధూజ నిలబడిపోయింది. ట్యాంకర్లు ఆగే చోటే మారిపోయింది! వెనక దక్షిణపు గోడ దగ్గర ఉండాల్సిన పైపు మూతులు తూర్పు గోడకు వచ్చాయి. వాస్తు చూసినాయన సరుకు తూర్పు నుంచి లోపలికి రావాలన్నాడట. సెలవుల్లో కాంట్రాక్టర్ పైపులు తిప్పి, కొత్త గోడ కట్టి, అన్నిటికీ వెండిరంగు కొట్టి పోయాడు. పైపుల మీది పేర్లు, రంగు పట్టీలు, ఆమె మురిసిపోయిన తెల్లని కప్లింగులు, అన్నీ ఇప్పుడు ఒకటే వెండి మెరుపు. రెండు పైపులూ పెళ్ళికి ముస్తాబైన కవలల్లా ఉన్నాయి.

ఎడమవైపు పైపుకు బంతిపూల దండ వేసి, గోడ మీద కుంకుమతో సాథియో, అంటే స్వస్తిక్ గుర్తు పెట్టారు. కింద అగరొత్తులు వెలుగుతున్నాయి.

"సాల్ ముబారక్ బిడ్డా!" అంటూ బక్కయ్య ఎదురొచ్చాడు. ట్యాంకర్ల సరుకు దింపే పని అతనిదే. రాజమల్లుదీ అతనిదీ ఒకే బస్తీ, అందుకని సింధూజకు కాకా. పండగ చొక్కా మీద రబ్బరు ఏప్రాన్ కట్టుకున్నాడు. నుదుట పెద్ద బొట్టు ఉంది, కళ్ళద్దాలు మాత్రం మెడలో వేలాడుతున్నాయి.

"అద్దాలు మెడకా కాకా, కండ్లకా?"

"బొట్టు చెరుగుతది బిడ్డా. శేఠ్ వాళ్ళమ్మ, మన బా, స్వయంగ పెట్టింది."

"కన్ను పోతే బా కొత్త కన్ను పెడతదా? వేసుకో, జల్ది." అని తనే లాగి పెట్టింది. ఆ చేత్తోనే దండ ఉన్న పైపు చూపించింది. "కాకా, ఇది యాసిడ్‌దే గదా?"

"ఎప్పుడు చూసిన యాసిడ్ ఎడమకే ఉంటది గదా. పొద్దుగాల బా అడిగితే నేనే చూపించిన, దండ ఏసింది."

సింధూజ తల ఊపింది. నిజమే, పాత గోడ దగ్గర యాసిడ్ ఎడమనే ఉండేది. పేర్లు మళ్ళీ రాయించాలి, పూజ కాగానే మొదటి పని అదే అనుకుంది. ఇంతలో గేటు దగ్గర హారన్ మోగింది. ఆ హారన్‌తో మిగతా ఆలోచనలన్నీ ఆమె తలలోంచి ఎగిరిపోయాయి.

ట్యాంకర్ వచ్చింది! దాని అద్దానికి కూడా నిమ్మకాయలు, మిరపకాయలు, పూలదండ. ఎర్ర ప్లకార్డు మీద యాసిడ్ గుర్తు. ల్యాబ్ అబ్బాయి సీసాలో శాంపిల్ తీసుకుపోయి చూసి, యాసిడే అని చెయ్యి ఊపాడు. ఆవరణంతా జనం. కొత్త చీరల్లో ప్యాకింగ్ విభాగం ఆడవాళ్ళు, పిల్లలు, పెట్టెల్లో పేడా మిఠాయిలు. శేఠ్ తల్లి శాంతాబా వెండి పళ్ళెంలో కొబ్బరికాయతో వచ్చి కుర్చీలో కూర్చుంది. అందరూ ఆమెను బా అనే అంటారు.

"దూరంగా ఉండాలి, దూరంగా," అని సింధూజ చేతులు చాపి వెనక్కి జరపబోయింది. ఎవరూ వినలేదు. ముహూర్తం చూడటానికి వచ్చినవాళ్ళు దూరంగా ఎందుకుంటారు?

బక్కయ్య యాసిడ్‌కు కేటాయించిన ఎర్ర గొట్టం లాక్కొచ్చాడు. ఒక కొస ట్యాంకర్‌కు బిగించాడు. రెండో కొస ఎత్తి దండ ఉన్న పైపుకు పెట్టి కుడికి తిప్పాడు.

తిరిగింది. మళ్ళీ తిప్పాడు. గొట్టం తిరుగుతూనే ఉంది గానీ బిగుసుకోవడం లేదు. వదిలితే చేతిలోకి ఊడి వచ్చేస్తోంది.

సింధూజ ఒక్క అంగలో దగ్గరికి వచ్చింది.

"ఏంది కాకా?"

"పడతలేదు బిడ్డా."

"జర నెట్టి తిప్పు."

బక్కయ్య భుజం ఆనించి నెట్టి తిప్పాడు. మెడ నరాలు ఉబ్బాయి. పట్టలేదు. ట్యాంకర్ డ్రైవర్ స్టీరింగ్ మీద మోచేతులాన్చి కిటికీలోంచి నవ్వాడు. "క్యా చాచా, పండక్కి లడ్డూలు ఎక్కువయ్యాయా?"

జనంలో నవ్వులు మొదలయ్యాయి. సింధూజకు చెవులు వేడెక్కాయి. రంగు! మరలోకి వెండిరంగు పోయి గడ్డకట్టి ఉంటుంది. లేకపోతే తనే కొలత తప్పిందా? పరుశురాం చేత మళ్ళీ చెక్కించి ఉండాల్సిందా? సెలవులకు ముందు నీళ్ళతో చూసినప్పుడు ఎంత బాగా బిగిసింది!

శేఠ్ గడియారం చూసుకున్నాడు. మొహం గంటు పెట్టుకున్నాడు. "బేన్, లాభ్ చోఘడియా, మన ముహూర్తపు ఘడియ, అయిపోతోంది. నేనేం చెప్పాను నీకు?"

"ఒక్క నిమిషం శేఠ్..."

"ఆగకూడదన్నాను. ఆగింది." శేఠ్ వెనక్కి తిరిగి ఫిట్టర్‌ను కేకేశాడు. "జిగ్నేశ్! పాత మూతి తెచ్చి పెట్టు. ఈ నాటకాలు చాలు."

జిగ్నేశ్ హుషారైన కుర్రవాడు. "మూతి మార్చాలంటే టైం పడుతుంది శేఠ్. రబ్బరు ట్యూబ్ ఒకటి తొడిగి రెండు పక్కలా క్లాంపులు బిగిస్తా. చిటికెలో పని," అంటూ స్టోర్స్ వైపు పరుగెత్తాడు.

ఇన్ని నెలల తిరుగుడు, ఇన్ని మాటలు, అంతా ఒక రబ్బరు ట్యూబ్ కింద పోతోంది. ట్యూబ్‌తో కట్టేస్తే ఇక ఆ మరలు ఉన్నా లేనట్టే. ఎలాగూ కోసేస్తారు. కనీసం ఎక్కడ చెడిందో తెలుసుకుందామని సింధూజ గ్లవ్ తొడుక్కుని, దండను పక్కకు జరిపి, పైపు మూతి మీద వేలు పెట్టింది. పెచ్చులు కట్టిన రంగు తగులుతుందనుకుంది. తగల్లేదు. మర శుభ్రంగా ఉంది, పదునుగా ఉంది. వేలిని దాని వెంట నడిపించింది. వేలు పోయే దిక్కు పోతోంది. అది ఎడమకు పోతోంది.

ఎడమకు!

మర చెడిపోలేదు. కొలత తప్పలేదు. మర తన పని తాను చేస్తోంది. ఇది హైపో పైపు!

"బంద్ కరో!" అని అరిచింది. ఆ అరుపు ఆమెదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. "డ్రైవర్ భాయ్, వాల్వ్ ముట్టుకోకు! కాకా, గొట్టం కింద పెట్టు, వెనక్కి రా!"

అప్పటికే జిగ్నేశ్ ట్యూబూ క్లాంపులూ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చాడు. సింధూజ అతనికీ పైపుకూ మధ్య నిలబడింది.

"జరుగు బేన్, రెండు నిమిషాల్లో కట్టేస్తా."

"నన్ను కూడా కలిపి కట్టు. ఇది యాసిడ్ పైపు కాదు."

"అదేంటి?" శేఠ్ గొంతు పెంచాడు. "దండ వేశాం, సాథియో పెట్టాం, బక్కయ్య చూపించాడు. ఓడిపోయావని ఇప్పుడు పైపే కాదంటావా?"

"శేఠ్, నా మాట నమ్మొద్దు. పైపు పట్టుకుని నడుద్దాం. ఇది ఏ ట్యాంకుకు పోతే ఆ ట్యాంకుదే."

ఇంకొకరి జవాబు కోసం ఆమె ఆగలేదు. దండ ఉన్న పైపు మీద చెయ్యి వేసి, చెయ్యి ఎత్తకుండా నడక మొదలుపెట్టింది. బక్కయ్య వెంటపడ్డాడు. శేఠ్ కదిలాడు. బా కుర్చీలోంచి లేచి, "పదండి, చూద్దాం," అని పళ్ళెంతో సహా బయల్దేరింది. బా బయల్దేరితే ఆగేదెవరు? పేడాల పెట్టెలు, పిల్లలు, క్లాంపులు పట్టుకున్న జిగ్నేశ్, చివరికి ట్యాంకర్ దిగిన డ్రైవర్, అందరూ ఊరేగింపులా కదిలారు. ముందు ఒక అమ్మాయి, ఆమె చేతికింద వెండిలా మెరిసే పైపు.

పైపు గోడ వెంట పోయింది. మురుగు కాలువ మీదుగా దాటింది. బాయిలర్ షెడ్డు వెనక మూల తిరిగే చోట బక్కయ్య ఠక్కున ఆగాడు.

"వారినీ!"

అక్కడ కాంట్రాక్టర్, మలుపు కలిసొస్తుందని కాబోలు, ఒక పైపును రెండోదాని మీదుగా దూకించాడు. ఎడమది కుడికి, కుడిది ఎడమకు మారిపోయాయి. ఆ మూల తిరిగి కొన్ని అడుగులు నడిస్తే ట్యాంకులు కనిపించాయి. సింధూజ చెయ్యి ఆనుకున్న పైపు తిన్నగా పోయి, 'హైపో' అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న తెల్ల ట్యాంకు నెత్తికెక్కింది. అదృష్టం, ట్యాంకులకు మాత్రం రంగు కొట్టలేదు.

జిగ్నేశ్ తన చేతిలోని క్లాంపుల వంక చూసుకున్నాడు.

బా కూతుర్ని పిలిచినట్టు మెల్లగా అడిగింది. "దీకరీ, కట్టి ఉంటే ఏమయ్యేది?"

"యాసిడ్ ఆ ట్యాంకులోకి పోయేది, బా. పచ్చటి గాలి వచ్చేది. అది గాలికన్నా బరువు, పైకి పోదు. నేల పట్టుకుని పాకుతుంది. ముందు పిల్లల ఎత్తుకు చేరుతుంది."

ఒకామె తన పిల్లవాణ్ణి చంకకెత్తుకుంది. ఆమె పేడాల పెట్టె కిందపడింది. ఎవరూ ఏరలేదు.

"మర బిగియకనే బతికినం," అన్నాడు బక్కయ్య. "నేనైతే నెట్టి తిప్పిన బిడ్డా. భుజం పెట్టి నెట్టిన."

"నెట్టుమన్నది నేనే గదా కాకా."

శేఠ్ గడియారం చూసుకున్నాడు, అలవాటు కొద్దీ. "ముహూర్తం..." అంటూ తల్లి వైపు చూశాడు.

"లాభ్ అయిపోయింది," అంది బా. "లాభ్ తర్వాత వచ్చేది అమృత్, అదీ మంచి ఘడియే. అమృత్‌లో కొబ్బరికాయ కొడితే ఎవరొద్దన్నారు? పద దీకరీ, ఈసారి సరైన పైపు చూపించు."

సింధూజలో ఉత్సాహం మళ్ళీ ఉప్పెనలా పొంగింది. ఈసారి అందరినీ కూడగట్టుకుని పని మొదలుపెట్టింది. రెండో పైపు మీద కూడా చెయ్యి వేసి, యాసిడ్ ట్యాంకు నుంచి గోడ దాకా నడిచి వచ్చింది. అగరొత్తుల పొగ ఎటు పోతోందో చూసి, దానికి ఎదురు వైపు, దూరంగా, జనాన్ని నిలబెట్టింది. ఇందాక వినని జనం ఇప్పుడు మారుమాట లేకుండా వెళ్ళి నిలబడ్డారు. బా కుర్చీ కూడా అక్కడికే పోయింది.

"కాకా, కానీ."

బక్కయ్య కళ్ళద్దాలు సర్దుకున్నాడు. ఎర్ర గొట్టం ఎత్తి కుడివైపు పైపుకు పెట్టి తిప్పాడు. మొదటి చుట్టుకే మర అందుకుంది. రెండో చుట్టుకు లోపలికి లాక్కుంది. మూడో చుట్టుకు గట్టిగా బిగిసి, ఇక కదలనని మొరాయించింది.

"పట్టింది బిడ్డా! ఉడుంపట్టు!"

దూరం నుంచి ఈలలు, చప్పట్లు. బా అక్కడే కొబ్బరికాయ కొట్టింది. వాల్వ్ తెరిచారు, గొట్టం ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది, యాసిడ్ తన ట్యాంకు వైపు పరుగెత్తింది. కప్లింగు దగ్గర ఒక్క చుక్క కారలేదు. సింధూజ దాన్నే చూస్తూ, నవ్వాలో ఏడవాలో తెలియక, రెండూ చేసింది.

శేఠ్ పక్కకు వచ్చి నిలబడ్డాడు. "నీ మరలు ఉంటాయి, బేన్. ఇక వాటిని ఎవరూ ముట్టుకోరు." గొట్టం వంక చూస్తూ, "సెలవుల్లో పైపులు తిప్పేముందు నీకు ఫోన్ చేసి ఉండాల్సింది," అన్నాడు. శేఠ్ నోట అలాంటి మాట వినడం మిల్లులో ఎవరికీ అలవాటు లేదు.

ఆమె జవాబివ్వబోయి ఆగింది. ఆమె చూపు నేల మీద చుట్టగా పడి ఉన్న హైపో గొట్టం మీద పడింది. అది తెల్ల గొట్టం, దానికీ ఎడమ మర. బక్కయ్య ఇందాక పండగ హడావిడిలో ఎర్రది కాక తెల్లది లాగి ఉంటే? ట్యాంకర్ వైపు కొస అన్నిటికీ ఒకటే. అటు పట్టేది, ఇటు హైపో పైపుకూ పట్టేది. తన మర కిక్కురుమనకుండా దారి ఇచ్చేది.

"శేఠ్, ఇది చాలదు!"

"ఇంకా ఏం కావాలి?" శేఠ్ కంగారుగా అడిగాడు.

"తాళాలు. రెండు పైపుల మూతులకూ, రెండు గొట్టాలకూ తాళాలు వెయ్యాలి. శాంపిల్ పరీక్ష చేసి ఏ సరుకో తేల్చిన మనిషి దగ్గరే తాళంచెవులుండాలి. యాసిడ్ వస్తే యాసిడ్ తాళమే తెరుచుకుంటుంది. గొట్టం తగిలించే మనిషి దగ్గర చెవి ఉండకూడదు. పైపుల దగ్గర ఒక్క ఇటుక కదిపినా, మళ్ళీ వాడేముందు ఇందాకటిలా పట్టుకుని నడవాలి."

బక్కయ్య మొహం చిన్నబోయింది. "అంటే నా మీద నమ్మకం లేదా బిడ్డా?"

"నా మీద నాకే లేదు కాకా. నేను చదువుకున్నదాన్ని, ఈ పైపుల మీదనే పానం పెట్టుకున్నదాన్ని. నేను గూడ పూలదండ చూసి ఊకున్న. నిన్నేమంటా?"

బక్కయ్య ఏప్రాన్‌కు చేతులు తుడుచుకుంటూ, "అయితే మంచి జబర్దస్తు తాళాలు కొను. గీ జిగ్నేశ్‌గాడు క్లాంపులతోటి ఇప్పేటియి కాదు," అన్నాడు. జిగ్నేశ్ సిగ్గుపడి నవ్వాడు. క్లాంపులు జేబులో దాచుకుని, సైకిల్ తీసి తాళాల దుకాణానికి తనే బయల్దేరాడు.

ట్యాంకర్ ఖాళీ అయి వెళ్ళిపోయింది. గేటు దగ్గర మరో హారన్ మోగింది. ఈసారి వచ్చింది హైపో. శేఠ్ సింధూజ వైపు చూశాడు. సింధూజ గేటు వైపు చెయ్యెత్తింది.

"రుకో! తాళాలు వచ్చేదాకా బయటే!"

డ్రైవర్ ఇంజన్ ఆపాడు. బా అతనికి పేడా పంపించింది.